రెండు బల్బుల పెట్టె

మార్చి 2

ఒరేయ్ తమ్ముడూ,

ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామని కూర్చున్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే ఫ్యూజు పోయింది. కిటికీ దగ్గరికి జరిగి రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే దానికీ నువ్వే కారణం.

నువ్వు వెళ్ళేముందు చేసిచ్చిన పొదిగే పెట్టె చూడ్డానికి ముచ్చటగా ఉంది, కాదనను. లోపల రెండు బల్బులు, గుడ్లు పేర్చే అరలు, వేడెక్కువైతే టక్కుమని బల్బులు ఆర్పేసి, తగ్గితే మళ్ళీ టక్కుమని వెలిగించే ఆ డబ్బీ, అన్నీ బాగున్నాయి. కానీ పెట్టె వేసి ఉంచితే చాలు, రోజూ ఏదో ఒక వేళప్పుడు వెనక గది మొత్తం చీకటైపోతోంది. నేను స్టూలెక్కి ఫ్యూజుకి తీగ చుట్టడం, అది మళ్ళీ కాలిపోవడం. నా తల ప్రాణం తోకకొస్తోంది.

కోళ్ళ ఫారం ఆవిడ సంగతి నీకు చెప్పాను కదా. వచ్చే వారం తన మేలుజాతి కోళ్ళ గుడ్లు ఒక విడత ఇస్తానంది. ఇవి సరిగ్గా పిల్లలైతే ఇకమీదట ప్రతి విడతా నాకే. అంటే నేనింక ఆ కుట్టుమిషన్ల హాలుకి వెళ్ళక్కర్లేదు. బాత్రూముకి వెళ్ళాలన్నా సూపర్‌వైజరు వంక చూస్తూ చెయ్యెత్తి కూర్చోవాలక్కడ. మోకాళ్ళు నొప్పులొచ్చే వయసులో బడిపిల్లలా చెయ్యెత్తడం ఎలా ఉంటుందో నీకు తెలీదు. ఈ విడత చల్లబడి పాడైందంటే ఆవిడ మళ్ళీ మన గుమ్మం తొక్కదు.

నిన్ను ఏదడిగినా ఒకటే మాట, “నీకెందుకులే అక్కా, నేను చూస్తాగా” అని. ఇప్పుడు చూడ్డానికి నువ్వు లేవు, కొండ కింద సొరంగం తవ్వేవాళ్ళకి దీపాలు పెడుతున్నావు. కాబట్టి ఈ ఒక్కసారికీ నాకర్థమయ్యేలా వివరంగా రాయి. బొమ్మ గీసి మరీ రాయి. చిన్నాన్ననడిగితే ఇస్త్రీ చేస్తున్న చొక్కా మీంచి తలెత్తకుండానే “కరెంటు వాళ్ళది తప్పు” అన్నాడు. ఆయనకి వాన పడకపోయినా కరెంటు వాళ్ళదే తప్పు.

ఇంకా చీకట్లోనే ఉన్న
అక్క


మార్చి 6

అక్కా,

వివరంగా అడిగావు, వివరంగా రాస్తున్నాను. తర్వాత బుర్ర తిన్నానని మాత్రం అనకు. ఇక్కడి రేకుల షెడ్డులో ఎనిమిదిమందిమి ఉన్నాం. ఒకడు గురకపెడుతుంటే ఇంకొకడు పాడుతుంటాడు. ఈ మధ్యలో నీకు పాఠం చెబుతున్నాను.

కింద రెండు బొమ్మలు గీశాను. మొదటి బొమ్మలో రెండు బల్బులూ ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. దీన్ని సిరీస్ అంటాం. దారి ఒకటే కాబట్టి, ఒక బల్బులోంచి ఎంత కరెంటు పోతుందో రెండోదాంట్లోంచీ అంతే పోతుంది. ముందున్నది తినేసి వెనకదానికి మిగల్చకపోవడం అనేది ఉండదు. కాకపోతే రెండూ కలిసి అడ్డం పడతాయి కాబట్టి మొత్తం మీద పోయే కరెంటే తక్కువ.

రెండో బొమ్మలో బల్బులు పక్కపక్కన ఉన్నాయి, దేని దారి దానిదే. ఇది పారలల్. ఇక్కడ ప్రతి బల్బూ తనకి కావలసినంత లాగుతుంది, పక్కదాని సంగతి దానికి పట్టదు. ఆ లాగినవన్నీ కూడి ఫ్యూజు తీగ మీద పడతాయి. మనింట్లో ప్లగ్గులన్నీ ఇలా పక్కపక్కన ఉన్నవే. ఎన్ని తగిలిస్తే అంత కూడుతుంది, మోయలేనంత అయినప్పుడు ఫ్యూజు కాలుతుంది. అది కాలడం దాని తప్పు కాదు, దాని ఉద్యోగమే అది.

కాబట్టి ఆ లైను మీద కరెంటు తగ్గించు, అంతే. ఎలాగో నీకు నేను చెప్పక్కర్లేదు, ఇంట్లో ఉన్నదానివి నువ్వే. ఫ్యూజుకి లావు తీగ మాత్రం చుట్టకు, ఇల్లు తగలబడుతుంది.

గురకల మధ్య నుంచి
నీ తమ్ముడు


మార్చి 11

ఒరేయ్ పంతులూ,

ఇంత చక్కగా చెప్పగలిగినవాడివి ఇన్నేళ్ళూ “నీకెందుకులే” అని ఎందుకు చంపుకుతిన్నావురా? ఒక్కసారి చదివితే అర్థమైపోయింది. నీ మొదటి బొమ్మ ముందేసుకుని, స్క్రూడ్రైవరు పట్టుకుని, నేనే మార్చేశాను. మెయిన్ ఆపేసే చేశాను, భయపడకు. చిన్నాన్న గుమ్మంలో నిలబడి “షాక్ కొడుతుంది, షాక్ కొడుతుంది” అని జపం చేస్తూనే ఉన్నాడు. నాకేం కొట్టలేదు.

అప్పట్నుంచీ ఫ్యూజు ఒక్కసారి పోతే ఒట్టు. బల్బుల వెలుతురు కూడా ఇదివరకటిలా కళ్ళలో పొడవకుండా పచ్చగా, మెత్తగా ఉంది. ఆ టక్కు టక్కు గోల కూడా వదిలింది. బల్బులు ఒక్కసారీ ఆరడం లేదు, నిమ్మళంగా వెలుగుతూనే ఉన్నాయి. ఇల్లంతా ప్రశాంతంగా ఉంది.

మొన్న తొమ్మిదిన గుడ్లు పెట్టాను. ఆవిడ తనే వచ్చి అరల్లో పేర్చింది. వెళ్తూ వెళ్తూ “నెలాఖరుకి వస్తాను, పిల్లల చప్పుడు వీధిలోకి వినపడాలి” అంది. నవ్వుతూనే అందిగానీ ఆ మనిషి నవ్వుతూ అన్నమాటే ఖాయం చేస్తుంది. రోజూ హాలు నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళి గుడ్లు తిప్పుతున్నాను.

నువ్వు తిండి సరిగ్గా తింటున్నావా? అదొక్కటి మాత్రం నువ్వు వివరంగా రాయవు.

నీ శిష్యురాలు
అక్క


మార్చి 15

అక్కా,

నీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. చిన్నాన్న షాక్ జపం దగ్గర అందరూ పడీ పడీ నవ్వారు. మిగతాది సొరంగంలోకి వెళ్తూ నడుస్తూ చదువుకున్నాను, ఇక్కడ కూర్చుని చదువుకునే తీరిక ఎవడిస్తాడు? ఫ్యూజు నిలబడిందన్నావు, అది చాలు నాకు.

చిన్నాన్నని ఎలా ఒప్పించావో గానీ, నువ్వు మామూలుదానివి కాదు. నేనైతే ఏడాది బతిమాలినా అయ్యేది కాదు. ఆయనకి విడిగా ఒక చీటీ రాసి ఇందులోనే మడతపెట్టాను, చేతికివ్వు.

ఇంకొక మాట. ఆ హాలుకి ఇంక నమస్కారం పెట్టెయ్. పెట్టె కుదురుకుంది, గుడ్లు కుదురుకున్నాయి, ఇంకా ఎవరి ముందో చెయ్యెత్తడం ఎందుకు? నేను చెబుతున్నాను, మానెయ్.

తిండి బాగానే ఉంది. వివరంగా రాయాలంటే కన్నీళ్ళొస్తాయి కాబట్టి రాయను.

తమ్ముడు


మార్చి 20

తమ్ముడికి,

నీ చీటీ ఇచ్చాను. ఇవ్వకపోయినా బాగుండేది.

“చిన్నాన్నా, ఇన్నాళ్ళూ ఫ్యూజు పోయింది నీ ఇస్త్రీ పెట్టె వల్లే. ఆ ప్లగ్గు అక్కణ్ణించి తీసినందుకు సంతోషం” అని రాశావట. ఎవరు తీశారురా? ఆయన ఇస్త్రీ పెట్టె ఎక్కడుండాలో అక్కడే ఉంది. నేను దాని జోలికి వెళ్తానా? అమ్మ పోయాక మనిద్దరికీ అన్నం పెట్టింది ఆ ఇస్త్రీ పెట్టె. ఆయన చీటీ రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. “అక్కాతమ్ముళ్ళు ఉత్తరాల్లో నా మీద చాడీలు రాసుకుంటున్నారన్నమాట” అన్నాడు. అంతే, ఆ రోజు నుంచీ మాట్లాడ్డం లేదు. అన్నం పెడితే తింటాడు, గ్లాసు కడిగి బోర్లిస్తాడు, నా మొహం వంక చూడడు. ఆయన తిట్టినా భరిస్తానుగానీ ఈ మౌనం నా వల్ల కావడం లేదు. నువ్వు హాయిగా కొండ కింద కూర్చుని చీటీలు రాస్తావు, ఇక్కడ పడేది నేను.

నీ మాట విని హాలు మానేశాను. అదీ రాయకపోతే తెలీదు నీకు. సూపర్‌వైజరు సరేనంది, ఎందుకని కూడా అడగలేదు. ఇన్నేళ్ళు కూర్చున్న కుర్చీ రా అది. ఎందుకని ఒక్క మాట అడుగుతుందనుకున్నాను.

పెట్టెలో థర్మామీటరు మధ్యాహ్నం బాగానే ఉంటోంది. తెల్లవారి చూస్తే మాత్రం కొంచెం కిందికి దిగి ఉంటోంది. అలా ఉండొచ్చా? బల్బులు ఆరకుండా వెలుగుతూనే ఉన్నాయి కదా, మరెందుకు దిగుతుంది? దీనికి మాత్రం జవాబు రాయి. చిన్నాన్నకి క్షమాపణ కూడా రాయి.

అక్క


మార్చి 24

అక్కా,

మంచికి పోయి మాటపడ్డాను. ఆయన తీశాడనుకునే రాశాను, తీయకపోతే పోనీ. ఫ్యూజు పోవడం లేదు కదా, మరింకేంటి గొడవ? నాకు తలనొప్పులు తక్కువైనట్టు ఇది ఒకటి. ఇక్కడ నిన్న లోపల దీపాలన్నీ పోయాయి. చిన్న ఇంజనీరు అందరి ముందూ నా మీద అరిచాడు. తీరా చూస్తే తీగ మీదికి బండి ఎక్కించింది వాళ్ళ మనిషే. క్షమాపణ ఎవడూ చెప్పలేదు. నేను మాత్రం అందరికీ చెప్పుకుంటూ తిరగాలి.

ఆ థర్మామీటరు మొదట్నుంచీ తక్కువే చూపిస్తుంది, నీకు ముందే చెప్పాను. దాన్ని పట్టించుకోకు. ఇంక నేను ఎవరికీ ఏదీ వివరించను. వివరిస్తే వచ్చింది ఇదీ.

తమ్ముడు


మార్చి 28

నీకు రాయకూడదనే అనుకున్నాను. కానీ అడగడానికి ఇంకెవరూ లేరు. ఇంట్లో ఉన్న ఒక్క మనిషీ నోరు విప్పడాయె.

నిన్న పొద్దున లేచి చూస్తే పెట్టెలో రెండు బల్బులూ ఆరిపోయి ఉన్నాయి. ఫ్యూజు చూశాను, బాగానే ఉంది. రెండు బల్బులూ ఒకేసారి ఎలా పోతాయి, నువ్వు ఎక్కడ కొన్నావో ఆ కొట్టువాణ్ణి తిట్టుకుంటూ ఎడం పక్క బల్బు విప్పబోయాను. హోల్డర్లో వదులై ఉంది. కాస్త బిగించగానే అది వెలిగింది. కుడిపక్కది కూడా వెలిగింది. కుడిపక్కదాన్ని నేను ముట్టుకోనే లేదు. దీన్ని కదిపితే అదెందుకు వెలుగుతుందిరా? నువ్వు కట్టినప్పుడు ఒకటి తీసినా రెండోది వెలిగేది, నాకు బాగా గుర్తు.

ఎంతసేపు ఆరిపోయి ఉన్నాయో తెలీదు. గుడ్డు తీసి కంటిరెప్పకి ఆనించి చూశాను. మరీ చల్లగా లేదు. వెచ్చగా ఉందని కూడా చెప్పలేను.

ఎల్లుండి గడువు. ఇప్పటికే గుడ్ల మీద గీతలు పడాలి, లోపల్నుంచి చప్పుడు వినపడాలి. ఏమీ లేదు. పెట్టెకి చెవి ఆనించి కూర్చుంటే నా గుండె చప్పుడే నాకు వినపడుతోంది. వెళ్ళడానికి హాలు కూడా లేదు కదా, పొద్దస్తమానం ఇలాగే కూర్చుంటున్నాను.

అక్క


ఏప్రిల్ 1

అక్కా,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. సామాన్ల వ్యాను మన ఊరి మీదుగా వెళ్తోంది, డ్రైవరు స్వయంగా నీ చేతికిస్తాడు. అందగానే నిలబడిన చోటే చదువు.

నువ్వు బల్బులని సిరీస్‌లో కట్టేశావు. ఇప్పుడర్థమైంది నాకు. దారి ఒకటే కాబట్టి ఒకటి వదులైతే రెండూ ఆరిపోయాయి. నేను రెండు బొమ్మలు గీసింది తేడా తెలియడానికి. పెట్టె విప్పి కడతావని కలలో కూడా అనుకోలేదు. కరెంటు తగ్గించు అన్నది చిన్నాన్న ఇస్త్రీ పెట్టె గురించి. పేరు రాస్తే ఉత్తరం ఆయన కంటపడుతుందని తెలివిగా రాయడం మానేశాను, చూడు నా తెలివి. కరెంటు తగ్గింది నిజమే, దాంతోపాటు వేడీ తగ్గింది. అవి ఇవ్వాల్సిన వేడిలో పావు వంతుకి కాస్త ఎక్కువ ఇస్తున్నాయేమో. మధ్యాహ్నం ఎండకి అది సరిపోయింది, తెల్లవారుజాము చలికి సరిపోలేదు. థర్మామీటరు నిజమే చెప్పింది.

నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. మెత్తటి వెలుతురు అని రాశావు. ఆ డబ్బీ టక్కుమనడం మానేసిందని రాశావు. మొదటి బొమ్మ అని కూడా రాశావు. ఏ పిల్లవాణ్ణి అడిగినా చెప్పేవాడు. నేను నడుస్తూ చదివాను, నవ్వొచ్చిన చోట మాత్రం ఆగాను.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. మెయిన్ ఆపి, బల్బులు రెండో బొమ్మలోలాగా పక్కపక్కన కట్టు. వెంటనే కరెంటు పెరుగుతుంది, ఇస్త్రీ పెట్టె కూడా అదే లైను మీద ఉంటే ఫ్యూజు మళ్ళీ పోతుంది. అందుకని చిన్నాన్న ఈ కొన్ని రోజులూ ఇస్త్రీ ఆపాలి. నా తరఫున ఆయన కాళ్ళు పట్టుకో. ఇక్కడి వంటాయన ఇంట్లో బాతుల్ని పొదిగించేవాళ్ళట. చల్లబడిన గుడ్లన్నీ చావవు, ఆలస్యమవుతాయి అంతే అన్నాడు. అందుకని పారెయ్యకు. ముఖ్యంగా ఏ గుడ్డూ పగలగొట్టి చూడకు. ఎంత తోచకపోయినా తెరవకు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 6

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండో తారీకు పొద్దున అందింది. ఒకటో తారీకు సాయంత్రం నేను ఒక గుడ్డు తెరిచాను.

ముప్ఫయ్యో తారీకున ఫారం ఆవిడ వచ్చింది. వీధిలోనే ఒక నిమిషం నిలబడి విన్నది. లోపలికొచ్చి ఒక గుడ్డు తీసి చెవి దగ్గర ఆడించి, “ఇవి కావు” అంది. తిట్టలేదు. రెండో తారీకున మనిషిని పంపి అరలన్నీ ఖాళీ చేయిస్తానంది, పాడైన గుడ్లు తను గొయ్యి తీసి పూడ్పిస్తుందట. ఒకటో తారీకున సిగ్గు చంపుకుని హాలుకి వెళ్ళాను. నా మిషన్ మీద వేరే అమ్మాయి కూర్చుని ఉంది. సూపర్‌వైజరు “ఎందుకు మానేశావు” అని అప్పుడడిగింది.

ఇంటికొచ్చి పెట్టె ముందు కూర్చుంటే ఒళ్ళు మండిపోయింది. నీ మీద, ఆవిడ మీద, నా మీద. చచ్చినవాటికి ఇంతసేపు కాపలా కాశానా అనిపించింది. ఒకటి తీసి గిన్నె అంచుకి కొట్టాను. పిల్ల ఉంది. ఈకలు కూడా వచ్చాయి, పొట్ట కింద సొన ఇంకా కొంచెం మిగిలి ఉంది. నా అరచేతిలో కాళ్ళు చాపింది. ఒకసారి నోరు తెరిచింది. నేను దాన్ని కొంగులో చుట్టి బల్బు దగ్గర పెట్టాను, ఊదాను, ఏం చెయ్యాలో తెలీక నిన్ను పిలిచాను. కాసేపటికి పోయింది. ఇంకో రెండు మూడు రోజులు ఆగితే తనే పెంకు పొడుచుకుని వచ్చేది.

మర్నాడు డ్రైవరు నీ ఉత్తరం ఇచ్చాడు. నిలబడిన చోటే, గుమ్మంలోనే, పైకి చదివాను. చిన్నాన్న ఇస్త్రీ చేస్తూ విన్నాడు. నేను కాళ్ళు పట్టుకోవాల్సిన పని లేకపోయింది. ప్లగ్గు లాగేసి, తీగ ఇస్త్రీ పెట్టెకి చుట్టి అటక మీద పెట్టేశాడు. చేతిలో ఉన్న బట్టలన్నీ ఇస్త్రీ లేకుండానే ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేసి వచ్చాడు, వాళ్ళు ఏమన్నారో తెలీదు. నేను బల్బులు విప్పి పక్కపక్కన కడుతుంటే టార్చి పట్టుకున్నాడు. ఇన్నీ చేశాడుగానీ ఒక్క మాట మాట్లాడలేదు. నేను మెయిన్ వెయ్యగానే కళ్ళు జిగేలుమన్నాయి. ఆ వెలుతురు చూస్తే ఇన్నాళ్ళూ నేను వాటిని ఎంత చలిలో ఉంచానో తెలిసింది.

మధ్యాహ్నం ఫారం మనిషి బుట్టలు పట్టుకుని వచ్చాడు. నేను లేచేలోపే చిన్నాన్న వెళ్ళి తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వాడు అడుగుతాడు, ఈయన పలకడు. మాట్లాడని మనిషితో ఎంతసేపని పోట్లాడతాడు, విసుక్కుని వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. ఆయన మౌనం ఇంకొకరి మీద పనిచేస్తే ఎంత బాగుంటుందో అప్పుడు చూశాను.

నాలుగో తారీకు పొద్దున మొదటి గుడ్డు మీద గీత పడింది. సాయంత్రానికి పెట్టె నిండా గోలే. సగం పైన వచ్చాయి. కొన్ని రాలేదు, కొన్నింటికి కాళ్ళు నిలవడం లేదు. నిన్న ఆవిడ వచ్చి ఒక్కొక్కదాన్నీ తిరగేసి చూసి గట్టివి పట్టుకెళ్ళింది, కాళ్ళు నిలవనివి నాకే వదిలేసింది. “ప్రతి విడతా అన్నానే, అది ఇప్పుడు అనను. ఇంకో విడత ఇస్తాను, ఈసారికి సగమే” అంది. హాలు పోయింది, ఇక్కడ సగం దక్కింది. దీనికి నవ్వాలో ఏడవాలో నువ్వే వివరంగా బొమ్మ గీసి చెప్పు.

నీ మీద కోపం పోలేదు, పోయిందని అనుకోకు. నువ్వు “తెరవకు” అన్న మాట ఒక్కటి నా కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. ఈసారి నా ఉత్తరం కూర్చుని చదువు. కూర్చోవడానికి చోటు లేకపోతే దొరికేదాకా తెరవకు.

కాళ్ళు నిలవని పిల్లల్ని అట్టపెట్టెలో వేసి, పైన ఒక బల్బు వేలాడదీశాను. పొద్దున చిన్నాన్న వచ్చి దాని వంక, తీగ వంక, నా వంక చూశాడు. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పాడు.

“ఒక్క బల్బే కదా,” అన్నాడు. “దీన్ని ఎలా కట్టినా మీ ఇద్దరూ పాడుచెయ్యలేరు.”

అక్క